కమాన్ కట్ట

మందమర్రిల మా ఇంటెనుక రేకుల షెడ్డు.
అండ్ల, నాకంటె రెండేండ్లు చిన్నదైన ఫియట్టు.
బెల్లంపల్లిల పాతినుప సామాన్ల సలీం
తూకానికి అమ్మబోతుంటె
బేరమాడి, లారీకి కట్టి గుంజుకొచ్చిన.

ఎడమ దిక్కు, ఎనుక చక్రం మీదికి
ఒరిగి నిలబడ్డది బండి,
పొట్టోడెవడో ముచ్చట చెప్తుంటె వంగి ఇన్నట్టు.

లసుమక్క చాయ్ గిలాస బానెట్ మీద పెట్టి
"ఇది గూడ నీ లెక్కనే" అన్నది.
ఇరువై ఆరేండ్లు బాయిల
టింబర్ దిమ్మెలు ఎడమ భుజం మీదనే మోసిన.
దర్జీ నాంపల్లికి ఎరికె:
టేపు పట్టకుంటనే
ఎడమ భుజం కాడ అర్ధ వేలు దించి కుడ్తడు.

జాకీ ఎత్తంగనే కిందికి దూరలే.
జాకీని నమ్మినోడు, తట్టని కప్పును నమ్మినోడు
ఒక్కతీరే పోతరు.
బాయిల కట్టెతోటి కప్పు తట్టి ఇనేది.
గణగణమంటె గట్టిది.
డోలు లెక్క బోలుగ మోగితె
మాట్లాడకు, ఎనుకకు నడువు.
అలవాటు పోతదా,
బండి కింద నాలుగు దిక్కుల దిమ్మెలు పేర్చి
పానాతోటి ఒక్కొక్కటి తట్టి చూసిన.
గోడ మీదికెల్లి గట్టయ్య నవ్విండు:
"ఫియట్టు కింద బొగ్గు వడ్డదానె?"

యూ బోల్టులు నాలుగు.
మూడు కిరసనాయిలు తాగి దారికొచ్చినయి.
నాలుగోది
రాత్రంత తాగి గూడ పొద్దుగాల మొండిగనే ఉన్నది,
మా బామ్మర్ది లెక్క.
కోసిన. మూడు బ్లేడ్లు విరిగినయి.

సెంటర్ బోల్టు ఊడంగనే
టప్పుమని విడిపోయినయి ఆరు పట్టీలు.
నడుమ దుమ్ము, పొరలు పొరలు.
ఎర్రది మొరం. నల్లది మనదే.
ఆ రెంటి నడుమ తెల్లది
ఏ ఊరి తొవ్వదో తెల్వది.
గోటితోటి గీకి
అరచేతుల పెట్టుకొని చానసేపు చూసిన.

శ్రీరామోజు వీరాచారి కొలిమి ముట్టియ్యలే.
"కాలిస్తె సచ్చిపోతది ఉక్కు. సల్లగనే కొట్టాలె."
దాయి మీద పట్టీ పెట్టి
వేలెడు వేలెడు జరుపుకుంట,
దెబ్బ మీద దెబ్బ, పొద్దుగూకేదాక.
"కరీంనగర్ల నడిబజార్ల కమాన్ చూసినవా?
గట్ల ఉండాలె వంపు."
"మళ్ల వంగదా?" అన్న.
సుత్తె ఆపి నన్ను ఎర్రగ చూసిండు:
"వంగుతది. వంగేటందుకే గద ఉన్నది!"

పట్టీల నడుమ నల్ల గ్రీజు పూసిన.
మంచిర్యాల నుంచి తెచ్చిన కొత్త బుష్షులు ఎక్కిచ్చిన.
ఆఖరి బోల్టు బిగియ్యబోయి ఆగిన.
చక్రం గాలిల వేలాడంగ బిగిస్తె
రబ్బరు మెలిపడి నెల తిరగకముందే చినుగుతది.
బండిని నేల మీదికి దించాలె,
దాని బరువు అది మొయ్యాలె,
గప్పుడు దూరి తిప్పాలె ఆఖరి చుట్టు.

బాయిల గూడ ఆఖరి పని గదే,
దిమ్మెలు గుంజుడు.
గుంజినమా, ఎనుకకు చూడకుంట ఉరికినమా.
కప్పు కూలిన సప్పుడు
వీపుతోటే ఇనేది.
ఇక్కడ గుంజి, లోపలికి దూరాలె.

దూరిన.
ముక్కుకు జానెడు మీద బండి కడుపు.
తట్టలే.
కట్ట కొంచెం ఒంగి, కొంచెం లేసి,
పండుకునే ముందర పక్క సదురుకున్నట్టు
సదురుకున్నది.
పానా తిప్పిన. కిర్రుమని బిగిసింది.

బయటికొచ్చి జానతోటి కొలిస్తె
రెండు దిక్కుల ఒక్కటే ఎత్తు.
లసుమక్క కొంగుతోటి సీటు దులిపి
ఎనుక, ఎడమ దిక్కే కూసున్నది.
"ముందట కూసోరాదె?"
"కూసుంటె నీ నడిపుడు చూడాలె.
అవుగని, వీరాచారి కాడికి నిన్ను గూడ తీస్కపోదునా?"

మార్కెట్ కాడ స్పీడ్ బ్రేకర్.
ఎడమ దిక్కు చప్పుడు లేదు.
నేను ఇంకా నవ్వుకుంటనే ఉన్న,
కుడి దిక్కు
కిర్రుమన్నది.