కప్లర్

ఎడమ ఇండికేటరు వేస్తే వైపరు తిరుగుతాండాదప్పా,
అని నవ్వకుండా చెప్పింది సుగుణరత్నం టీచరమ్మ.
కుడికి తిప్పితే హారనంట.
ఎర్రగుంట్ల నాలుగురోడ్ల కాడ
మే నెల ఎండలో, చినుకు లేని ఆకాశం కింద
అద్దం తుడుచుకుంటా పోయే పాత ఓమ్నిని చూసి
బస్సుకు నిలబడినోళ్ళంతా ఒకటే నవ్వంట.

నేనూ నవ్వినా.
తర్వాత డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరినా.
తల పెడళ్ళ కాడ, కాళ్ళు రోడ్డు మీద.
ఆమె నూనె డబ్బా బోర్లేసుకొని కూర్చొని
ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దుకుంటా ఉంది.

తెల్ల కప్లరు ముసలిదై పచ్చబడింది.
వేలు పెట్టినానో లేదో
బొరుగు మాదిరి పుటుక్కుమంది దాని కొక్కి.
ఎనిమిది పిన్నుల్లో ఎర్తు పిన్ను
చిలుము పట్టి నెమలిమెడ రంగులో ఉంది.
ఇంటికి దారి మూసుకపోయిన కరెంటు
తెరిచిన తలుపల్లా తోసుకొని పోతాది,
వైపరు ఇంట్లో కొంచేపు, హారను ఇంట్లో కొంచేపు.
దాని తప్పేముంది.

టేపు విప్పబోతే
వేలికి దారం తగిలింది.
టేపు కొస మీద మూడు చుట్లు, ఒక ముడి.
సిమెంటు మూట మూతి కుట్టే దారం.

ఇట్ల కట్టేది ఈ చుట్టుపక్కల ఒక్కడే.
"టేపు జిగురు మన ఎండకు కారిపోతాది రా,
నూలు కారదు" అంటాడు,
దారాన్ని పండ్లతో తెంపి.
నాగూరప్ప మేస్త్రి.
మాట్లాడి తొమ్మిదేండ్లాయ.
రెండు ఫ్యూజుల లెక్క కాడ
గిరాకీ ముందర నన్ను దొంగన్నాడు.
ఆ ఫ్యూజులు ఆయన చొక్కా జేబులోనే ఉండె.
నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ముడి బ్లేడుతో కోస్తే అరనిమిషం పని.
గోరుతో విప్పినా.
లోపల ఆయన టంకం
నిన్న పోసినట్టు మెరుస్తాంది.
కంపెనీ కప్లరు చచ్చింది గానీ
మనిషి వేసిన అతుకు చావల.

ప్రొద్దుటూరు తుక్కంగట్లో కోసుకొచ్చిన కప్లరు
డబ్బాలో ఒకటుంది, కొక్కి మంచిగుండేది.
పిన్నీసుతో నాలిక నొక్కి, పాత పిన్ను ఒకటి లాగి
రాగిని గీకి, కొత్త పిన్ను నొక్కి
టక్‌మనేదాకా తోసి
అప్పుడు రెండోది.
"ఒకటి పీకితే ఒకటి ఎక్కీ.
అన్నీ ఒకేసారి పీకేటోడు
ఎలక్ట్రీషియన్ గాదు రా, ఎలుక."
ఆ మాట ఎవరిదో నా చేతులకు గుర్తుంది.
నోటికే ఇష్టం లేదు.

ఎనిమిది టక్‌లు.
ఆరోది కొంచెం మొండికేసింది, వంకర తీసి మళ్ళీ పెట్టినా.

"ఎవరప్పా ముందు చెడగొట్టింది?"
అనడిగింది టీచరమ్మ, పేపరు మీంచి తల ఎత్తకుండానే.
గిరాకీ అట్ల అడిగితే
పాత మేస్త్రిని తిట్టడం మా వృత్తి ధర్మం.
తిడితే ఇంకో వంద అడగొచ్చు.

"ఆయన బాగానే చేసినాడమ్మా" అన్నా.
"ప్లాస్టిక్కుదే వయసు."

బయట రైల్వేగేటు పక్క హమాలీలు దించే మూటల కాడికి పోయి
ఖాళీ సంచి మూతి దారం ఒక మూర లాగి తెచ్చినా.
టేపు చుట్టి, దాని కొస మీద మూడు చుట్లు
చుట్టి, ముడేసి
కత్తెర చేతి దగ్గరే ఉన్నా
పండ్లతో తెంపినా.

ఆమె బండి ఎక్కింది. ఎడమకు తిప్పింది.
ఎడమ దీపం ఒక్కటే మిణుకుమిణుకుమంది.
వైపరు అద్దం మీద అట్లే పడుకొని ఉంది, కదల్లేదు.
కుడికి పోతా మాత్రం
ఒకసారి హారను కొట్టింది.
అది ఆమే కొట్టింది, నాకోసం.

నీళ్ళు పుక్కిలించినా పోలా,
సాయంత్రం దాకా
నాలిక మీద సిమెంటు రుచి.