ఒక్క నిమిషం తెలుపు

ఆదోని ఆసుపత్రి మేడమీద గదిలో
మూడు రోజుల ట్రైనింగు.
మేం పద్నాలుగు మంది నర్సులం,
బల్ల మీద ప్లాస్టిక్ నడుము ఒకటి.
తలా లేదు, పాదాలూ లేవు, సిగ్గు అసలే లేదు.
డాక్టర్ జుబేదా గ్లౌజులు తొడుక్కుంటూ అంది:
"ముందు స్పెక్యులం వెచ్చబెట్టండి.
ఆడమనిషికి మొదట గుర్తుండిపోయేది
ఆ ఇనుము చల్లదనమే."

దూదిని వెనిగర్ నీళ్లలో ముంచి
గర్భాశయ ముఖద్వారానికి అద్ది
గడియారం చూడాలట. అరవై సెకన్లు.
ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కూర్చున్న వైరస్
ఎక్కడ పాడు చేసిందో అక్కడ
తెల్లగా ఒక మచ్చ పైకి తేలుతుంది.

తెలుపు నాకు కొత్తదేం కాదు.
మా అమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది.
కనురెప్పల మీద, గాజుల సందుల్లో,
ఒకోసారి సంగటి ముద్ద మీద కూడా తెలుపే.
యార్డులో ఎంత తెల్లగుంటే అంత ధర.
ఇక్కడ తెలుపు కనిపిస్తే
ఊపిరి బిగబట్టాలి.

పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను
"తెల్లబట్ట అయితాంది సిస్టరూ" అని.
బి కాంప్లెక్సు మాత్రలు పొట్లం కట్టి పంపేదాన్ని.
తర్వాత ఎవరి మొహం తెల్లబోయిందో
వెనక్కి తిరిగి చూసిందెక్కడ?
కౌతాళం మిరపకాయల కూలి ఒకామె,
పేరు ఇంకా నా రిజిస్టర్లో ఉంది.
కర్నూలు పెద్దాసుపత్రికని బస్సెక్కి
తిరిగి రాలేదు.

మూడో రోజు నిజం మనుషులు వచ్చారు.
నా వంతుకు హుసేనమ్మ.
చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని
"నువ్వు సేపిచ్చుకున్న్యావా ఉరుకుందమ్మా?" అంది.

అడగబోయే ప్రశ్నలన్నిటికీ
నోటుబుక్కులో జవాబులు రాసుకున్నాను.
ఇది అందులో లేదు.

"లేదు."
"అట్లయితే ముందు నువ్వు పండుకో.
నేను బయట కూకుంటా."

పండుకున్నాను.
నిన్నగాక మొన్న కోర్సు ముగించిన పిల్ల ఈరమ్మ
వణికే చేతుల్తో నా మోకాళ్ల మీద దుప్పటి సర్దింది.
స్పెక్యులం వెచ్చబెట్టడం మరిచిపోయింది.
డాక్టర్ అన్నది నిజమే.

అరవై అంకెలు ఎంత పొడుగో
గడియారం పట్టుకున్నవాళ్లకు తెలీదు.
ఇరవై దగ్గర మా అమ్మ దగ్గు వినిపించింది.
ముప్పై ఏడు దగ్గర
తొమ్మిదో తరగతి చదివే నా కూతురు,
దానికి వేయించాల్సిన హెచ్‌పీవీ టీకా,
"వచ్చే నెల, వచ్చే నెల" అంటున్న నా గొంతు.
ఆ తర్వాత లెక్క తప్పింది.

"ఏం లేదక్కా" అంది ఈరమ్మ.
లైటు ఇంకా దగ్గరికి జరిపి మళ్లీ చూసి
"నిజంగానే ఏం లేదు."

బయట అదే బెంచీ మీద హుసేనమ్మ
నా మొహంలోకి చూసింది.
మన మాటల్లో తెలుపు అంటే
రంగొక్కటే కాదు, చెప్పమని కూడా.
చెప్పాను:
సల్లగుంటాది. కొంచెం సురుక్కుమంటాది.
నిమిషం సేపు.

చెప్పులు గడప దగ్గర విడిచి
లోపలికి నడిచింది.
నేను స్పెక్యులం వేన్నీళ్లలో ముంచి
వెచ్చబడేదాకా
గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.