లాభం, రెండు, మూడు

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పై ఎనిమిదేళ్ళు కాటా పట్టినోణ్ణి.
ఒకటి అని ఏనాడూ అనలేదు,
లాభం అని మొదలుపెట్టేవాణ్ణి, ఆ తర్వాతే రెండు.
అయిపోయింది అనం మేము. నిండుకుంది అంటాం.
దిమ్మె మీద బొటనవేలు నొక్కితే చాలు,
సున్నం ఎక్కువైందో
పెనం దించడం ఆలస్యమైందో చెప్పేసేవాణ్ణి.

ఇప్పుడు నా ఎడమ జబ్బకి
రూపాయి బిళ్ళంత కాటా అతికించారు.
దానికి రాళ్ళు లేవు, ముల్లు లేదు.
అయిదు నిమిషాలకోసారి నా తీపిని తూచి
గోడ మీది పలకకి చెబుతుంది.
పలక మేనల్లుడు గజేంద్ర ఫోనుకి చెబుతుంది.
ఫోను రాయేలూరు డాక్టరుకి చెబుతుంది.
మండీలో ధర కూడా ఇంత తొందరగా పాకేది కాదు.

రాత్రి మంచం దిగితే
స్పర్శ లేని నా పాదాలకంటే ముందు
గచ్చుకి మెలకువొస్తుంది,
స్నానాలగది దాకా చీమల బారులా దీపాలు.

మాట్లాడే డబ్బా ఒకటి. దానికి మా మాట రాదు.
"లైటు ఆర్పు మే" అంటే
"క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది
టీవీలో వార్తలు చదివే అమ్మిలాగా.
మా చెల్లెలు మొగిలమ్మ దాన్ని కొత్త కోడలంటుంది.
"పలికిందే చాల్లే, దానికి పని చెప్పబాక."

మొదట్లో మోసం చేద్దామనే అనుకున్నా.
భజన మందిరం కాడ చక్కెర పొంగలి, దొన్నెడే.
ఇంటికొచ్చేలోపు గోడ మీద గీత
తాటిచెట్టెక్కేసింది.
"మామా, ఏం తిన్నావ్?"

అప్పుడు గుర్తొచ్చింది.
యజమాని కన్ను గీటితే
సరుకు తట్టని కిందినుంచి ఆనించే నా చిటికెనవేలు.
దిమ్మెకి వంద గ్రాములు.
పెనుమూరు వైపునుంచి వచ్చే రైతొకడు,
పేరైనా అడగలేదు నేను,
ముల్లుని కాదు, నా వేలిని చూస్తూ నిలబడేవాడు.
ఏమీ అనేవాడు కాదు. తువ్వాలు దులుపుకుని పోయేవాడు.

ఈ కాటాకి వేలానించే చోటు లేదు.
ఉంటుందేమోనని రెండు నెలలు వెతికాను.

మొన్న కార్తీకంలో, తెల్లవారుజాము మూడు.
డబ్బా అరిచింది. యాభై నాలుగు అంది.
"తీపి పదార్థం తీసుకోండి" అంది,
పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడి మర్యాదతో.
ఒళ్ళంతా చెమట. నాలుక తాడైపోయింది.
నీళ్ళు లేని నీవా ఏట్లో
మంచం కొట్టుకుపోతా ఉంది.

మొగిలమ్మ వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించింది.
చక్కెర లేదు, తేనె లేదు.
నాకు భయపడి ఇల్లంతా ఊడ్చిపెట్టారు కదా.
ఆపదకని దాచిన గ్లూకోజు పొట్లం
ఎప్పుడో నేనే నాకేసి ఉన్నా.
"తీపి పదార్థం తీసుకోండి."
"యాడుండాదే, నువ్వు తెచ్చీ!" అని దాని మీద పడింది.

నేను వేలు చూపించాను.
అటక కింద తూకంరాళ్ళ పెట్టె.
అయిదు కిలోల రాయి వెనక, ఎండిన అరిటాకులో
గుప్పెడు నల్లబెల్లం.
ఆమె నన్ను చూసింది. ఒకసారే.
రోకలితో పగలగొట్టి ముక్క నోట్లో పెట్టింది.
కరగకముందే నాలుక చెప్పింది:
పాకం కాస్త ముదిరింది.

యాభై నాలుగు. యాభై ఏడు. అరవై నాలుగు.
చీకట్లో ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం,
సరుకు దించి ధర కోసం కాచుకున్న రైతుల్లాగా.
తొంభై దాటాక చెమట తుడిచింది.
నాది కాదు, తనది.

పొద్దున గజేంద్ర వచ్చి గీత చూశాడు.
"మూడింటికి ఏమిచ్చావమ్మా?"
"మందు" అంది, బియ్యం చెరుగుతూ.

మిగిలింది పారేస్తుందనుకున్నా.
మధ్యాహ్నం పాత కాటా దింపి, దుమ్ము తుడిచి,
పదిహేను గ్రాములకి ఒక ముక్క లెక్కన
నన్నే తూచమంది.
తట్ట కింద వేలు పెట్టలేదు నేను.

మంచం పక్క గూట్లోకి ఒక సీసా.
తూచిన ముక్క అందులో వేస్తూ
"ఒకటి" అంది మొగిలమ్మ.

"కాదు" అన్నాను.