తడవకూడని పక్షి

మూడో రోజుకి గాలి పడింది.
కరెంటు ఇంకా రాలేదు.
చేపల సహకార సంఘం కప్పు రేకులు కొన్ని
చర్చి వెనక సమాధుల మధ్య దొరికాయి.
మిగతావి ఏ దేశం వెళ్ళాయో.

తెల్లారకముందే డెల్ఫిస్ తలుపు కొట్టాడు.
పాత లైట్‌హౌస్ కాపరి, ఎనభై ఒకటేళ్ళు,
ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు.
"రా" అన్నాడు, ఎందుకో చెప్పలేదు.

రేవులో, వంగిపోయిన స్తంభం మీద,
గొడుగు మడిచి తగిలించినట్టు
అది.
తోక కత్తెర. ముక్కు కొసన కొక్కెం.
గొంతు కింద ఎర్రతోలు, గాలి తీసిన బుడగలా ముడతలు పడి.
మా నోవా స్కోషియా ఒడ్డున
అలాంటి నలుపు నేనెప్పుడూ చూడలేదు.
కాకి నలుపు కాదు, తారు నలుపు కాదు,
బాగా ఎండ తిన్న నలుపు.

డెల్ఫిస్ నోటుపుస్తకం తీశాడు, తుఫానుకో పేజీ.
తుఫానులకి పేర్లు గుర్తుండవు ఆయనకి,
పోయినవే గుర్తు.
ఆవుల కొట్టం పోయిన ఏడు: నవ్వే సముద్రపు కాకులు, నలభై.
మార్సెలిన్ పడవ తిరిగిరాని ఏడు:
పొడుగు తోక తెల్లపిట్ట ఒకటి, రెక్క విరిగి.
జెర్మేన్ పోయిన ఏడు
గాలివానా లేదు, పక్షీ లేదు.
అయినా ఆ ఏటికి ఒక పేజీ వదిలాడు.

"తుఫాను కంట్లో గాలుండదు," అన్నాడు,
"చుట్టూ గోడ.
కన్ను ఎటు నడిస్తే అటు ఎగరాలి, అంతే.
వేడి సముద్రాల నుంచి ఇంతదూరం
గదితోపాటు నడిచొచ్చింది పాపం.
మధ్యలో వాలడానికీ లేదు.
సముద్రపు పక్షే గానీ, రెక్కలకి నూనె చాలదు,
తడిస్తే మునుగుతుంది."

మా నాన్న నలభై ఏళ్ళు లాబ్‌స్టర్ బోనులు లాగాడు.
ఈత రాదు.
నేర్చుకోమంటే నవ్వేవాడు,
"వస్తే ఇంకాసేపు పడుతుంది, అంతేగా."

మధ్యాహ్నానికి కార్లు.
ఫోన్లు లేని ఊళ్ళోంచి కబురెలా పాకిందో,
హాలిఫాక్స్ నుంచి జనం, మూడుకాళ్ళ దుర్భిణులు.
ఆ పక్షికి యుద్ధనౌక పేరట.
ఆకుపచ్చ కోటు మనిషి ఒకడు
సుత్తి పట్టుకున్న నా చేతినే పట్టుకుని ఏడ్చాడు.
ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడట దీనికోసం.
"మీ ఊరు ఎంత అదృష్టం చేసుకుందో!"
వెనక మా ఇంటి వంటగది ఆకాశంలోకి తెరుచుకుని ఉంది.
నాకు కోపం రావాలి. రాలేదు.
వాడి ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు.

మా వదిన ఎలోడీ కాఫీ పెట్టింది,
కప్పు నాలుగు డాలర్లు.
ఆరు రేకుల డబ్బు వచ్చింది.

ఆ రాత్రి ఒర్సెల్ వాళ్ళ చిన్నాడి బూటులో
గుప్పెడంత తుఫానుపిట్ట, పాత దీపపు వాసనతో.
రేవు చివరికెళ్ళి చీకట్లోకి విసిరాం.
ఎగిరిందనే అనుకున్నాం.

నల్లది మాత్రం ఒక్కసారి లేచింది.
సముద్రపు కాకి నోట్లో చేప లాక్కోబోయి
సగంలో మానేసింది,
ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్ళలా.

నాలుగో రోజు స్తంభం కింద పడి ఉంది.
రెక్కలు విప్పితే నా ఎత్తు దాటాయి,
ఎత్తితే ఉన్ని చొక్కాపాటి బరువు లేదు.

మ్యూజియం వాళ్ళు గురువారం వస్తామన్నారు.
ఊరికి జనరేటర్ ఒకటి, డీజిల్ అడుగంటింది.
సంఘం ఫ్రీజర్‌లో ఎర చేపలు,
ఎలోడీ కోసుకున్న బ్లూబెర్రీలు,
దిండు గలీబులో ఇది.
దేనికోసం నడపాలో తేలక గట్టిగానే అరుచుకున్నాం.
డెల్ఫిస్ వెళ్ళి తన ఇంటి పొయ్యి తొట్టిలోంచి
ఒక డబ్బా నింపుకొచ్చి అక్కడ పెట్టాడు.
సంతకాలేమీ అడగలేదు.

తర్వాత పుస్తకం నాకిచ్చాడు, చేతులు వణుకుతున్నాయని.
"ఈ ఏడుని ఏమని రాయను?"
"రేకులు పోయిన ఏడు" అన్నాను.
కాసేపాగి, "రాయి" అన్నాడు.

ఎలోడీ గలీబు బయటికి తీసి
పైన ప్లాస్టిక్ కవరు చుట్టింది, దానిమీద ఇంకొకటి,
మూతి బిగించి ముడేసింది.
"ఐసు కరిగితే తడుస్తుంది" అంది.