రెండుసార్లు మూసుకున్న పెదాలు

సచివాలయంలో స్లాట్ దొరకడానికి మూడు నెలలు పట్టింది.
తేదీ వచ్చిన పొద్దున సింధియా జంక్షన్‌లో బస్సెక్కాం,
ఆధారూ రేషన్ కార్డూ నాలుగు ఫొటోలూ
అచ్చియ్యమ్మ సంచిలో.
కండక్టరు ఏదో అన్నాడు. తలూపాను.
పదకొండేళ్లుగా నాకున్న మాట ఇదొక్కటే.

ఓడ కడుపులోకి దిగి తుప్పు కొట్టేవాణ్ణి.
మనిషి దూరేంత కంత, లోపల ఇనప చీకటి,
ఆరుగురం, ఆరు సుత్తులు.
దెబ్బ గోడకి తగిలి తిరిగొచ్చి మా పుర్రెల్లో పడేది.
చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు మేస్త్రి,
దూది మాత్రం ఇవ్వలేదు.
ఓడలు రంగులేసుకుని వెళ్లిపోయాయి.
కాంట్రాక్టరు కంపెనీ పేరు మార్చుకున్నాడు.
నేనా ట్యాంకులో దిగినట్టు ఏ కాగితంలోనూ లేదు.
ఎక్కినట్టు నా చెవులకింకా తెలీదు.

కేజీహెచ్‌లో వరస మెట్ల దాకా వచ్చేసింది.
ముందాయన, మోకాలి కింద ఖాళీగా వేలాడే ప్యాంటు
మడిచి పిన్నీసు పెట్టుకుంటున్నాడు.
"నీకేటి, కనపడతాది" అన్నారెవరో అతనితో.
పెదాలు చూసి చదివాను.
కనపడనివాళ్లం మేం గోడవైపు జరిగి నిలబడ్డాం.
ఒక బ్రోకరు వచ్చి అచ్చియ్యమ్మకి కిటుకు చెప్పాడు:
వెనక తలుపు ధడేల్మని వేస్తారు, తుళ్లిపడొద్దను.
నిజం చెవిటికి నటన నేర్పడానికి అయిదొందలు.
ఇవ్వలేదు.
నలభై దాటితే ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు.
ముప్పై తొమ్మిది చెవుడికి బియ్యం గింజ పుట్టదు.

గాజు గదిలో కూర్చోబెట్టారు.
చెవులకి బరువైన డిప్పలు, చేతిలో బటన్.
కూత వినపడితే నొక్కు, లేకపోతే ఊరుకో.
ఊరుకోవడం నాకెవరూ నేర్పలేదు.
గాజులో ఆ పిల్ల భుజం నీడ పడుతోంది,
మీట తిప్పినప్పుడల్లా ఓ పిసరు లేస్తుంది.
లేచింది. నొక్కాను.
మళ్లీ లేచింది. నొక్కాను.
ఎవరో పిలుస్తుంటే పలక్కపోతే ఏం మర్యాద.
చెవిటి మాలోకం అని కుర్రాళ్లు నవ్వకుండా
పదకొండేళ్లు కూడబెట్టుకున్న తెలివంతా
పది నిమిషాల్లో ప్రభుత్వానికి చూపించేశాను.

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది.
ముప్పై అంటే పెదాలు రెండుసార్లు మూసుకుంటాయి.
నలభై అంటే ఒక్కసారే.
మూసుకున్నాయి.
తెరుచుకుని,
మళ్లీ మూసుకున్నాయి.
ఆ రెండోసారిలో పోయింది మా నెల పింఛను.
మిగతా అంకె ఏమిటో నేను చూడలేదు.

అప్పీలు పెట్టుకోవచ్చందట.
తలకి తీగలంటించి చూసే పరీక్ష ఒకటుందట,
దానికి మన తలూపుళ్లతో పని లేదట.
బయట అచ్చియ్యమ్మ నా ఎదురుగా నిలబడి
ఒక్కో మాటా నమిలి చెప్పింది,
తన కోపం నాకు కనపడాలని
మొహం ఎండవైపు తిప్పుకుని మరీ.

గేటు దగ్గర టీ కొట్టువాడు ఏదో అడిగాడు.
మెడ అలవాటుగా వంగబోయింది. ఆపాను.
"వినపడదు బాబూ" అన్నాను.
ఎంత గట్టిగా అన్నానో,
రోడ్డవతల రిక్షావాడు కూడా ఇటు తిరిగాడు.
టీ కొట్టువాడు చెంచాతో పంచదార తీసి చూపించాడు.
వద్దని చెయ్యి ఊపాను.
అచ్చియ్యమ్మ మాత్రం వేయించుకుంది,
రెండు చెంచాలు.