చెయ్యి అడ్డం పెట్టొద్దన్నారు

బియ్యం డబ్బాకి ఫోను ఆనించి
గచ్చు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసింది వాళ్లమ్మ.
ఈ గీత నుంచి ఆ గీత దాకా నడవాల.
ఆదివారం పొద్దున మందుకు ముందొకసారి,
మందు పడ్డ గంటకి ఇంకోసారి.
వెలుతురు వెనకనుంచి రాకూడదు. పాదాలు కనపడాల.
వాడు తూలినా సరే,
ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకూడదు.

ఆస్పత్రిలో వీడు వణకడు.
చీమకుర్తి నుంచి చెన్నైకి మూడుసార్లు పోయినాం,
మూడుసార్లూ డాక్టరమ్మ ముందు
పెళ్లికొడుకులా నడిచాడు.
"ఇంటికాడ తీసి పంపండి" అనింది ఆమె.
జబ్బు పేరుకి నాకు నోరు తిరగదు.
మా చుట్టుపక్కల ఇంకే బిడ్డకీ లేదంట.

నేను గ్రానైటుకి పాలిషు పట్టేవాణ్ణి.
పలక మీద నీళ్లు చల్లి, ఆరేదాకా కాసుక్కూచుంటా.
అంతా ఆరినాక కూడా
ఒకచోట వెంట్రుకంత తడి మిగిలుద్ది.
పగులు అక్కడ.
ఆ చూపుతోనే రాత్రిళ్లు
వీడి అడుగులు ఆపి, వెనక్కి జరిపి, ఆపి చూస్తన్నా.
ఎడమ మడమ.
మళ్లీ ఎడమ మడమే.

పదిహేడో వీడియోలో, ఐదో అడుగుకాడ
మాల్యాద్రి పడబోయాడు.
డాక్టరమ్మ ఫోను చేసింది. నిద్ర, తిండి, మందు వేళలు,
అన్నీ అడిగి, చివర్న
"వీడియో అంచున ఒక చెయ్యి ఉంది, ఎవరిదండీ?"

గోళ్ల సందుల్లో రాతిపొడి ఉన్న చెయ్యి.
ఎవరిదని చెప్పేది.

ఈ ఆదివారం వాడే వచ్చి గీత మీద నిలబడ్డాడు.
"నాయనా, నువ్వు చేతులు కట్టుకో."
కట్టుకున్నా.
వాళ్లమ్మ ఎర్ర చుక్క నొక్కింది.