ఐదో ప్రతి

అరండల్‌పేటలో, మిర్చి ఘాటుకి
సాయంత్రమయ్యేసరికి తుమ్ములొచ్చే కొట్టు నాది.
మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి
ముప్పై రెండేళ్లుగా చదువులకి అట్టలు వేస్తున్నా.
నేను చదివింది ఎనిమిది. అదీ తప్పాను.

ఆవిడ లాం నుంచి షేర్ ఆటోలో వచ్చింది,
చీరా కాదు, చున్నీ కాదు,
మనిషంతా చుట్టుకున్న పసుపు గుడ్డ, గోళ్లలో మట్టి.
నమూనా పుస్తకం ఇస్తే వెనక నుంచి తెరిచి
నాలుక్కరుచుకుంది.

సులాఫా బాబికిర్. సూడాను.
నలభై ఆరేళ్లు. ఎమ్మెస్సీ రెండో ఏడు.
"మళ్లీ" అంది, వేలితో గాలిలో సున్నా చుట్టి.
ఆ ఒక్క తెలుగు మాట ఎంత శుభ్రంగా పలికిందో.

మిగతాది కూడా వచ్చిన పిల్ల తెలుగు చేసింది.
అక్కడ మట్టి పరీక్షల గదికి ఈవిడే పెద్దట.
పత్తి చేలకీ జొన్న చేలకీ
డాక్టర్లా చీటీ రాసిచ్చేదట.
కాలేజీ తగలబడ్డాక
ఏ ఊరెళ్లినా ఒకటే మాట: ఒరిజినల్స్ చూపించండి.
ఒరిజినల్ మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

లాంలో మొదటి రోజు
నెర్రెలిచ్చిన చేలో మోచెయ్యి దాకా దూర్చి చూసిందట.
మా నేలే ఇది, అందట,
వానకి కాలు వదలదు, ఎండకి నోరు మూయదు.
అది రేగడి గురించి మా నాన్న మాట.
ఈవిడకెవరు చెప్పారు?

పేజీలు సర్దుతుంటే డిక్లరేషన్ దగ్గర ఆగింది.
ప్రతి థీసిస్‌లోనూ ఉండేదే,
నేను చూడకుండా కుట్టేసేదే:
ఈ పని ఇదివరకు ఏ విశ్వవిద్యాలయానికీ
ఏ పట్టా కోసమూ సమర్పించలేదని.
పెన్ను మూత తీసింది. పెట్టింది. తీసింది.
ఫ్యాను కింద కాగితం మూల కొట్టుకుంటోంది.

"ఒకసారి ఇచ్చాను, ఇలాంటి నేల గురించే.
పుచ్చుకున్నాయన లేడు. పెట్టిన బీరువా లేదు.
ఇప్పుడు ఇవ్వలేదని రాస్తే అబద్ధమా?"

పిల్ల నావైపు చూసింది.
అట్టలవాణ్ణి, లోపలి సంగతి నాకేం తెలుసు, అనబోయి
"కొత్త కుట్టు కదమ్మా" అన్నాను,
"ఇందులో పాత కాగితం ఒక్కటీ లేదు."

సంతకం పెట్టింది, కుడి నుంచి ఎడమకి.

యూనివర్సిటీకి నాలుగు చాలు. ఐదు చెయ్యమంది.
నాలుగూ మామూలే, నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు.
ఐదోదానికి వెన్ను కుడివైపు రావాలట.
ఇంగ్లీషు పుస్తకమమ్మా,
అట్లా కుడితే చివరి పేజీ ముందొస్తుంది, అన్నాను.

"రానీ."

ఆ నాలుగూ అరపూటలో అయ్యాయి.
చెయ్యి అలవాటు లేని వైపు నుంచి
సూది గుచ్చుకుంటూ గుచ్చుకుంటూ
దానికొక్కదానికి రాత్రి తొమ్మిదయింది.